చచ్చిన డాల్ఫిన్‌ను పందులు తిన్నాయి, ఇప్పుడు గిట్టలకు బొబ్బలు: ఇది సముద్రపు రోగమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో బాహుదా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరి ఊరు. పద్నాలుగు పందులు, ఇరవై దాకా నాటుకోళ్లు ఉన్నాయి. పడవలు ఒడ్డుకొచ్చే చోట చేపల తలలు, పేగులు తెచ్చి పందులకు పచ్చిగానే వేస్తాను. మూడు వారాల కిందట చచ్చిన డాల్ఫిన్ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కుక్కలు పీకాయి, దొడ్డి దాటి వెళ్లిన నా పందులు రెండు కూడా తిన్నాయి. మా అబ్బాయి దాన్ని చేత్తో ముట్టుకున్నాడు. నాలుగు రోజులుగా మూడు పందులు కుంటుతున్నాయి, గిట్టల దగ్గర బొబ్బలు కనిపిస్తున్నాయి. సముద్ర జంతువుల వైరస్‌లు పందులకూ మనుషులకూ వస్తాయని ఫోన్‌లో వీడియో వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు అబ్బాయి సంగతి. ఫ్లూ లాంటి వైరస్ అంటితే జ్వరమో, దగ్గో, కళ్లు ఎర్రబడటమో సాధారణంగా పది రోజుల్లోపే కనిపిస్తుంది. మూడు వారాలు గడిచాయి. పిల్లవాడు ఆడుకుంటూ తింటూ ఉంటే ఆ భయం వదిలేయండి.

ఇక పందులు. కుంటుతున్న మూడింటిలో డాల్ఫిన్‌ను తిన్న ఆ రెండూ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. రాసి ఉంటే సగం జవాబు అక్కడే దొరికేది. ఆ మాట లేకపోయినా నా అనుమానం మొదట గాలికుంటు (నోటికీ గిట్టలకూ బొబ్బలు తెచ్చే వైరస్ రోగం) మీదే. అది అంటిన పందికి సాధారణంగా రెండు నుంచి పద్నాలుగు రోజుల్లో బయటపడుతుంది. డాల్ఫిన్ వచ్చిన రోజుకూ కుంటు మొదలైన రోజుకూ మధ్య పదిహేడు రోజులు ఉన్నాయి. పైగా గాలికుంటు ఆవు, పంది లాంటి, గిట్ట రెండుగా చీలి ఉండే పశువుల రోగం, డాల్ఫిన్‌కు రాదు. పక్కవాళ్ల ఆవులు, సంతలో కొన్న కొత్త పంది, హోటల్ కుడితిలో కలిసిన పచ్చి మాంసం ముక్కలు, ఈ మూడింటి వైపు చూడండి. ఆవులకైతే నోటి నుంచి చొంగ కారడం చూసి పోల్చుకుంటాం. పందుల్లో మొదట కాళ్లే చెబుతాయి. మిట్టమధ్యాహ్నం ఇసుక మీద నడిచినట్టు ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేస్తాయి. గిట్టా చర్మమూ కలిసే అంచున తెల్లగా ఉబ్బి ఉంటుంది, ముట్టె మీద కూడా బొబ్బ రావచ్చు. ముదిరితే గిట్ట డిప్ప ఊడివస్తుంది.

అయితే మీ వీడియో పూర్తిగా అబద్ధమూ కాదు. 1932లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, పచ్చి ఎంగిలి చెత్త తిని పెరిగే పందులకు అచ్చం ఇలాగే బొబ్బలొచ్చాయి. గాలికుంటు అనుకుని పందులను చంపి పూడ్చేశారు. తీరా చూస్తే అది వేరే వైరస్. ఇరవై ఏళ్ల పాటు దాదాపు ఆ ఒక్క రాష్ట్రానికే పరిమితమైన రోగం, 1952లో రైలు భోజనశాల చెత్తతో పాటు బయటికి పోయింది. చెత్తలోని పచ్చి పంది మాంసం ముక్కలను వేరే రాష్ట్రంలో పందులకు వేశారు. ఏడాదిన్నరలోపే 40కి పైగా రాష్ట్రాలకు పాకింది. పందులకు చెత్త వేయాలంటే ఉడికించే వేయాలని చట్టాలు తెచ్చాక 1956తో ఆగింది. ఆ తర్వాత పందుల్లో మళ్లీ కనబడలేదు. అసలు మలుపు 1972లో. కాలిఫోర్నియా తీరంలోని సాన్ మిగ్యుయెల్ దీవిలో సముద్ర సింహాల (సీళ్లను పోలిన సముద్ర జంతువులు) నుంచి ఒక వైరస్‌ను పట్టారు. దాన్ని పందికి ఎక్కిస్తే అవే బొబ్బలు! తర్వాత అక్కడి చేపలో కూడా దొరికింది. సముద్రం నుంచి దొడ్డిలోకి అది పచ్చి చేపల వ్యర్థంతోనో, ఒడ్డుకొచ్చిన కళేబరంతోనో వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

మన బంగాళాఖాతం ఒడ్డున సముద్ర సింహాలు లేవు కాబట్టి మీ పందులకు ఆ రోగమని నేను అనుకోవడం లేదు. కానీ పచ్చి వ్యర్థం మోసే మీ బకెట్ మాత్రం ఆనాటి కాలిఫోర్నియా బకెట్టే.

మనుషులకు సంబంధించి నన్ను నిజంగా ఆలోచింపజేసేది బర్డ్ ఫ్లూ, హెచ్5ఎన్1. 2022, 2023లలో పెరూ, చిలీ తీరాల్లో వేలాది సముద్ర సింహాలు దానితో చచ్చాయి. 2023లో అర్జెంటీనాలో ఏనుగు సీళ్ల పిల్లలు 17 వేలకు పైగా పోయాయని అంచనా. ఆ వైరస్ పాలిచ్చే జంతువుల ఒంటికి అలవాటు పడే మార్పులు తెచ్చుకుంది. అదే ఏడాది చిలీ తీరప్రాంతంలో ఒక మనిషికి కూడా సోకింది. డాల్ఫిన్‌లలోనూ దీన్ని కనుగొన్నారు. మనకు ఇది దూరపు కబురేం కాదు, 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలి కోళ్ల ఫారాల్లో ఇదే వైరస్ బయటపడింది. పంది ఒంట్లో పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ రెండూ కలిసి కొత్త రకం పుట్టే వీలుంది. అందుకే కోళ్లూ పందులూ ఒకే తొట్టి దగ్గర మేయకూడదు. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చస్తే వాటిని కోయవద్దు, వండవద్దు, వెంటనే పశువుల డాక్టర్‌కు చెప్పండి.

రొయ్యల చెరువుల్లో వచ్చే తెల్లమచ్చ వైరస్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అది పందికీ రాదు, మనిషికీ రాదు.

చేపల వ్యర్థం మానేయమని నేను చెప్పను, అంత చవకైన మేత మీకు ఇంకెక్కడ దొరుకుతుంది? సగానికి కోసిన డ్రమ్ములో వేసి, మునిగేలా నీళ్లు పోసి, కుతకుత ఉడకడం మొదలయ్యాక గంటసేపు మంట ఉంచండి. అడుగు నుంచి కలుపుతూ ఉండాలి, లేకపోతే మధ్యలో పెద్ద తలలు పచ్చిగానే మిగులుతాయి. తీరాన సరుగుడు పుల్లలకు కరువు లేదు కదా. హోటల్ కుడితి తెస్తే అదీ ఇందులోనే పడాలి, పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ రోగం వచ్చే దారుల్లో అదొకటి. పచ్చి సరుకు తెచ్చిన బకెట్‌తో ఉడికిన మేత తోడవద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంకో మాట, కోతకు నెల ముందు నుంచి చేప మానేయండి, మాంసం నీచు కొడితే కొనేవాడు ధర తగ్గిస్తాడు.

ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్ గానీ తాబేలు గానీ వన్యప్రాణి చట్టం కింద మొదటి షెడ్యూల్‌లోవి, అంటే గట్టి రక్షణ ఉన్నవి. కోయడం, నూనె తీయడం, సొంతంగా పూడ్చడం వద్దు. అటవీ శాఖకు కబురు పెట్టి, వాళ్లు వచ్చేదాకా కుక్కలనూ పందులనూ దూరంగా తోలండి. రోగం సముద్రం నుంచి నేల మీదికే వస్తుందనుకోకండి. 2024లో దక్షిణాఫ్రికా తీరంలో సీళ్లకు రేబిస్ ఉన్నట్టు తేలింది, అది నేల మీది జంతువుల నుంచి వాటికి పోయినదే. మీ ఊరి కుక్కలకు రేబిస్ టీకా వేయించారా?

ఈ రోజు చేయాల్సిన పని ఇది. కుంటే మూడింటినీ వేరే చోట కట్టి, వాటికి మేత అన్నిటికన్నా చివర వేయండి. దొడ్డి గుమ్మంలో పది లీటర్ల నీళ్లకు 400 గ్రాముల చాకలి సోడా కలిపి, అందులో కాళ్లు తడిపే లోపలికీ బయటికీ రండి. ఒక్క పందిని కూడా సంతకు తోలవద్దు, ఆంధ్రలోని ఇచ్ఛాపురం వైపు అసలే వద్దు. ఒకవేళ గాలికుంటే అయితే రెండు రాష్ట్రాలకూ మీరే పంచినట్టవుతుంది. పశువుల డాక్టర్‌ను పిలవండి. కళ్లతో చూసి తేల్చే రోగం కాదిది, పందుల్లో ఇలా బొబ్బలు తెచ్చే వైరస్‌లు కనీసం నాలుగు ఉన్నాయి. శాంపిల్ పరీక్షించే జాతీయ గాలికుంటు వ్యాధి సంస్థ భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లోనే ఉంది, మీకు అదృష్టం. మిగతా పందులకు టీకా ఎప్పుడు వేయాలో కూడా డాక్టర్‌నే అడగండి. కేంద్రం 2019లో మొదలుపెట్టిన ఉచిత టీకాల కార్యక్రమంలో పందులు కూడా ఉన్నాయి.

పగిలిన పుండ్లను లీటరు నీళ్లకు ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి కడగండి. పగలని బొబ్బ ఒక్కటైనా ఉంటే దాని జోలికి పోవద్దు, మందు కూడా రాయవద్దు. డాక్టర్ గారికి శాంపిల్ కోసం కావాల్సింది అదే.