లోంగేవాలా డయోరామా: ఎడారికి అసలు ఇసుక వద్దు

మీ దగ్గర 1/35 స్కేలు, అంటే అసలుకు 35వ వంతు ఉండే టి-55 ట్యాంకు కిట్టు ఒకటి ఉంది. దానికి ఇంకో రెండు ట్యాంకులు, ఒక హంటర్ యుద్ధ విమానం కలిపి రెండడుగుల చెక్క మీద 1971 నాటి లోంగేవాలా డయోరామా, అంటే రాజస్థాన్ ఎడారిలోని మన సరిహద్దు పోస్టు మీదికి పాకిస్థాన్ ట్యాంకులు వచ్చిన యుద్ధ దృశ్యపు చిన్న నమూనా, చేయాలనుంది. హైదరాబాద్‌లో ఎడారి ఇసుక ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ముందు ఇసుక సంగతే చెప్తాను, నేను మొదటిసారి బోల్తా పడింది అక్కడే.

అప్పట్లో మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. వాచ్‌మన్‌ని అడిగి ఒక డబ్బాడు రోబో శాండ్, అంటే రాళ్లు పిండి చేసిన ఇసుక, తెచ్చుకున్నాను. చెక్క మీద ఫెవికాల్ పూసి చల్లేశాను. ఆరాక ట్యాంకు పెట్టి చూస్తే ఎడారిలో ఉన్నట్టు లేదు, రోడ్డు పనికి కంకర పోసిన చోట ఆగినట్టుంది. లెక్క వేసి చూడండి. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు రేణువంటే అసలు కొలతలో మూడున్నర సెంటీమీటర్ల రాయి. పావు మిల్లీమీటరు రేణువు కూడా శనగ గింజంత అవుతుంది. కాబట్టి మీరు జైసల్మేర్ వెళ్లి మూటకట్టుకుని తెచ్చినా లాభం లేదు.

కావాల్సింది ఇసుక కాదు, పిండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లలో బాత్రూమ్ పలకల సందుల్లో పెట్టే టైల్ గ్రౌట్ దొరుకుతుంది. ఐవరీ రంగుది ఒక ప్యాకెట్ కొనండి, రెండు డయోరామాలకు వస్తుంది. ముందు వాల్ పుట్టీలో ఫెవికాల్ కలిపి నేల ఎత్తుపల్లాలు తీర్చండి. అది పూర్తిగా ఆరాక సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, పైన గ్రౌట్‌ని టీ జల్లెడతో చల్లండి. తర్వాత స్ప్రే బాటిల్‌తో నీళ్లు మంచులా పడేలా కొట్టండి. ఆ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయడం మర్చిపోవద్దు. లేకపోతే నీటి బొట్లు పొడి మీదే ముత్యాల్లా నిలబడి గుంటలు చేస్తాయి.

ఇసుక మీద గాలి గీసే అలలు కూడా స్కేలుకు తగ్గట్టే ఉండాలి. నిజం ఎడారిలో ఆ అలల మధ్య దూరం మహా అయితే జానెడు, బెత్తెడు. అంటే మీ చెక్క మీద రెండు నుంచి ఆరు మిల్లీమీటర్లు. నేను వేలితో పెద్ద పెద్ద అలలు గీశాను, సముద్రంలా తయారైంది. అగరుబత్తి పుల్లతో, తడి ఆరకముందే, అన్నీ ఒకే దిక్కుకు గీయండి. గాలి ఒక వైపు నుంచే వీస్తుంది కదా! పైగా థార్ అంటే వట్టి ఇసుక కాదు, పొదలుంటాయి, ఎండుగడ్డి ఉంటుంది. కొబ్బరి పీచు ఒకటిన్నర సెంటీమీటర్లకు కత్తిరించి అక్కడక్కడా గుచ్చితే చాలు.

రెండడుగుల చెక్క వద్దే వద్దు, ఒక్క ట్యాంకు చాలు. టి-55 ఈ స్కేలులో గొట్టంతో కలిపి దాదాపు 26 సెంటీమీటర్లు. దేవుడి పటాలు కట్టే కొట్టులో ముప్పై బై ఇరవై రెండు సెంటీమీటర్ల ఫ్రేము, వెనక ప్లైవుడ్‌తో చేయించుకోండి. ట్యాంకును అంచుకు సమాంతరంగా కాకుండా కాస్త ఏటవాలుగా పెట్టండి. దిబ్బ ఎత్తు కోసం థర్మోకోల్ వాడవచ్చు. కానీ దాని మీద స్ప్రే డబ్బా రంగు నేరుగా కొట్టొద్దు. నేను కొట్టాను. ఒక నిమిషంలో దిబ్బ కాస్తా పుట్టగొడుగు కుళ్లినట్టు లోపలికి కుంగిపోయింది. ఆ రంగులో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. ముందు పుట్టీతో మొత్తం మూసేయాలి.

హంటర్ మాట మర్చిపోండి. దాని పొడవు 14 మీటర్లు, మీ స్కేలులో 40 సెంటీమీటర్లు, అంటే మీ ఫ్రేము కంటే పెద్దది. డిసెంబరు 4 రాత్రంతా మన సైన్యంలోని 23 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన ఒక్క కంపెనీ, అంటే చిన్న దళం, లోంగేవాలా పోస్టును కాపాడుకుంటూ వచ్చింది. మన వాయుసేన హంటర్లకు రాత్రిపూట దాడి చేసే సదుపాయం లేదు, అందుకే 5వ తేదీ తెల్లవారాకే జైసల్మేర్ నుంచి వచ్చాయి. మీరు చూపించాల్సింది ఆ తెల్లవారుజామునే. ట్యాంకు మీది సిపాయి ఒకడు, కింద ఇంకొకడు, ఇద్దరూ ఆకాశం వైపు ఒకే చోటికి చూస్తుంటే విమానం వచ్చేసినట్టే.

ఒక చిన్న పేచీ. అక్కడికి వచ్చిన పాకిస్థాన్ ట్యాంకులు ఎక్కువగా టైప్ 59లు, అంటే టి-54కి చైనా నకలు. మీది టి-55. టి-54 టరెట్ (గొట్టం ఉండే, తిరిగే పైభాగం) కప్పు మీద కుడివైపు ముందు భాగంలో గాలి కోసం చిన్న గుమ్మటం ఉంటుంది, టి-55కి ఉండదు. దండలోంచి ఒక పూస తీసి సగానికి కోసి అతికించండి. పట్టింపు ఉన్నవాళ్లు ఇంకా తప్పులు పడతారు, పట్టనివ్వండి.

ఇక జాడలు. మా సైనిక్‌పురిలో రిటైరైన ఆర్మీ అంకుల్ ఒకాయన ఉన్నారు. నేను పూర్తయిందనుకున్న డయోరామాని తీసుకెళ్లి గర్వంగా చూపించాను. కళ్లజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు. "బాబూ, ఈ ట్యాంకుని ఇక్కడ హెలికాప్టర్ దింపిందా?" అన్నారు. వెనక ఒక్క జాడ లేదు! 36 టన్నుల బండి మెత్తటి ఇసుక మీద, దూది పరుపు మీద పిల్లిలా కూర్చుని ఉంది. లోంగేవాలా మీద విమానంలోంచి తీసిన ఫోటో చూడండి. అందులో కథంతా జాడలే చెబుతాయి, తప్పించుకోవడానికి గిర్రున తిరిగిన వలయాలు సహా. ఇంటికొచ్చి పైపొర గీకేసి మళ్లీ వేశాను. ఈసారి చెయిన్‌కి క్లింగ్ ఫిల్మ్, అంటే తిండి పదార్థాల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొర, చుట్టి, పుట్టీ తడిగా ఉండగానే ట్యాంకును రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నొక్కాను. కిట్టులో మిగిలిన చెయిన్ ముక్కతో వెనక అంచు దాకా అచ్చులు వేశాను.

రంగులకు పెద్ద చర్చ అక్కర్లేదు. ఓకర్ (మట్టి పసుపు), తెలుపు, చిటికెడు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ). ఆరాక ఇంకా లేత రంగు బ్రష్‌కి అంటించి, టిష్యూ మీద దాదాపు తుడిచేసి, అలల అంచుల మీద ఊరికే తాకిస్తూ పోండి. సాఫ్ట్ పాస్టెల్ (సుద్దలాంటి రంగు కడ్డీ) బ్లేడుతో గీకిన పొడి నేలకూ ట్యాంకుకూ ఒకటే వాడండి. చక్రాల మధ్య, చెయిన్ పైనుండే రేకు మీద ఎక్కువ, టరెట్ మీద తక్కువ. వానాకాలంలో చేస్తే పొరకూ పొరకూ మధ్య ఒక్క రాత్రి చాలదు, రెండు మూడు రోజులు ఆగండి. తేమ ఎక్కువగా ఉన్న రోజు వార్నిష్ కొడితే తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది.

రెండోసారి అంకుల్ దగ్గరికి తీసుకెళ్తే హెలికాప్టర్ మాట ఎత్తలేదు. చుట్టూ తిరిగి చూసి, "వెనక డీజిల్ డ్రమ్ముల మీద దుమ్ము తక్కువైంది" అన్నారు. ఆ సాయంత్రమే పాస్టెల్ గీకాను.