ఫ్రిగేట్లతో కొట్టినా నగరం చేతికి రావట్లేదా? సమాధానం

సివిలైజేషన్ 6 వీడియో గేమ్ విస్తరణ గ్యాదరింగ్ స్టార్మ్‌లో ఫ్రిగేట్లు (ఫిరంగుల యుద్ధనౌకలు) గోడలు కూల్చినా నగరం దక్కట్లేదని, ఫేవర్ (ఓటింగ్‌లో వాడే దౌత్య పలుకుబడి) పడిపోతోందని అడిగారు కదండీ. ఫ్రిగేట్ దూరం నుంచి కాల్చడానికే, నగరాన్ని పట్టలేదు. వెనకాల ఒక కారవెల్ (దగ్గరకెళ్లి పోరాడే నౌక) ఉంచండి. నగరం ఆరోగ్యం సున్నాకి రాగానే దాన్ని లోపలికి పంపండి. నగరం మాత్రం నీటిని ఆనుకుని ఉండాలి.

ఇతరుల అసలు రాజధానిని దయచేసి పట్టుకోకండి. అది మీ దగ్గరున్నంతకాలం ప్రతి టర్న్ ఫేవర్ కోత పడుతుంది. రేవు నగరాలు చాలు. ఆ నౌకలతోనే మీ సిటీ స్టేట్‌లను (చిన్న స్వతంత్ర నగర రాజ్యాలు) కాపాడుకోండి, వాటికి సుజరెయిన్‌గా (పెద్ద దిక్కుగా) ఉంటే ఫేవర్ వస్తూనే ఉంటుంది.

దౌత్య గెలుపుకి 20 పాయింట్లు కావాలి. హార్బర్ (రేవు డిస్ట్రిక్ట్) పక్కన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కడితే ఒకేసారి 4. చివర్లో వరల్డ్ కాంగ్రెస్‌లో (అన్ని దేశాలూ ఓటేసే సభ) అందరూ కలిసి మీకు 2 పాయింట్లు తగ్గించాలని ఓటేస్తారు, టెన్షన్ పడకండి. మీరూ ఆ తగ్గింపుకే ఓటేయండి, గెలిచిన పక్షాన ఉన్నందుకు 1 తిరిగొస్తుంది.