లోడు తగిలిస్తేనే బండి లాగట్లేదా? అయితే ట్రైలర్ విప్పకుండానే చూపించండి

అడిగిన ప్రశ్న ఇది: "నాది డీజిల్ పికప్. ఖాళీగా పోతే ఏ ఇబ్బందీ లేదు. వెనక ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కితే మాత్రం లాగట్లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు అన్న మాట దగ్గరే ఆగిపోయానండీ. సరిగ్గా ఇదే మాట పట్టుకుని నేను మూడు వారాలూ, 640 డాలర్లూ పోగొట్టుకున్నాను. లైటు లేదు కాబట్టి జబ్బు లేదని మెకానిక్ అన్నాడు, నేను నమ్మాను.

మేము డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. నా పికప్ మూడేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ముప్పావు టన్ను రకం (అది ఇక్కడ పికప్ సైజుకి పేరు, లాగే బరువు కాదు). ఏ కంపెనీ అని అడగకండి, ఇక్కడ అది మొదలైతే నాయుడుగారి అభిమానులూ రెడ్డిగారి అభిమానులూ కొట్టుకున్నట్టే ఉంటుంది. నేను చెప్పబోయే జబ్బు ఏ కంపెనీ బండికైనా వస్తుంది. వెనక లాగేది క్యాంపర్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, సామానుతో కలిపి 7,000 పౌండ్లు, అంటే మూడు టన్నుల పైమాటే. దాన్ని ఇంటి ముందు రెండు రాత్రుళ్ళు పెడితే చాలు, మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ నుంచి ఉత్తరం వస్తుంది. అందుకని నెలనెలా అద్దె కట్టి వేరేచోట పెట్టుకుంటున్నాను. పికప్ ఉన్న పాపానికి సోఫా మార్చాలన్నా, వినాయకుణ్ణి నిమజ్జనానికి తేవాలన్నా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ నేనే గుర్తొస్తాను. డీజిల్ పోయించేవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. సరే, విషయానికి వస్తాను.

మొదట అనుమానం వచ్చింది టెక్సోమా చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడు. పెద్ద ఎత్తులు కూడా లేని దారి, అయినా గేరు కిందికి పడుతూనే ఉంది. తిరిగొచ్చాక ఒక షాపులో ఇచ్చాను. వాళ్ళు కంప్యూటర్ తగిలించి లోపం చూపే కోడ్‌లు లేవన్నారు. ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్లకి ఏదో మందు పోశారు, ఒక రౌండు తిప్పి చూసి బండి బ్రహ్మాండంగా ఉందన్నారు. తిప్పింది ఖాళీ బండిని! భోజనం చేస్తేనే కడుపునొప్పి వస్తోందని చెప్పుకున్నవాణ్ణి పరగడుపున రమ్మని, పరీక్ష చేసి, నొప్పేం లేదుగా పొమ్మన్నట్టుంది. వచ్చేటప్పుడు ఇంకో మాట కూడా అన్నారు: "మళ్ళీ ఇలాగే ఉంటే డీపీఎఫ్ పోయిందేమో, మార్చాలి." డీపీఎఫ్ అంటే పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్. దాని ధర విన్నాక మా ఆవిడ నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

జూలైలో పిల్లల్ని తీసుకుని కొలరాడో బయల్దేరాం. డాలస్ నుంచి అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా న్యూమెక్సికోలోని రాటన్. అక్కడిదాకా దారి పళ్ళెంలా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, కనబడకుండా ఎక్కుతూనే ఉంటుంది. దానికి తోడు ఎదురుగాలి. క్యాంపర్ లాగేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: చదును రోడ్డు మీద బరువు కంటే దాని వెడల్పాటి ముఖమే ఎక్కువ తింటుంది. నేను అమరిల్లో దాటాక స్పీడు తగ్గితే గాలి అనుకున్నాను, క్లేటన్ దాటాక తగ్గితే ఎత్తు అనుకున్నాను. మనకి నచ్చని జవాబుని వాయిదా వేయడానికి సాకులకేం కరువు.

రాటన్ ఊరు దాటి ఐ-25 మీద కనుమ ఎక్కడం మొదలుపెట్టగానే అసలు సంగతి బయటపడింది. పైన కనుమ ఎత్తు 7,834 అడుగులు. 65లో ఉన్న బండి 50కి పడింది, 45కి పడింది, చివరికి 38 దగ్గర నిలబడింది. ఎక్సలరేటర్ అడుగుకి తొక్కే ఉంచాను. ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలనంటోంది. హజార్డ్ లైట్లు వేసుకుని కుడి లైన్లో పాకుతుంటే లారీలు నన్ను దాటిపోయాయి. వాటిని సహించాను. ఒక పాత పెట్రోల్ మోటార్ హోమ్ కూడా దాటిపోయింది చూడండి, అది సహించలేకపోయాను. ఎత్తుకి ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది, నిజమే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. కానీ టర్బో ఉన్నది ఆ లోటు చాలావరకు పూడ్చడానికే కదా. టర్బో డీజిల్ పడకేసి పెట్రోల్ బండి ఎక్కిపోతోందంటే అది కొండ తప్పు కాదు. ఇదే కనుమ మీదుగా ఒకప్పుడు శాంటా ఫే ట్రయల్ బళ్ళు ఎక్కాయని మా పెద్దాడికి ముందురోజే చెప్పాను. "నాన్నా, మనకంటే ఎద్దులే నయం" అన్నాడు వెనక సీట్లోంచి.

పైకెక్కి, దొరికిన ఎగ్జిట్‌లో తిరిగి మళ్ళీ రాటన్‌కే దిగిపోయాం. సాయంత్రం ఏడవుతోంది. ఇండియాలో పొద్దున ఆరున్నర. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయ్ టీ తాగే టైము.

బాబాయ్ నలభై ఏళ్ళుగా లారీ ఇంజిన్లు విప్పుతున్నాడు. ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న: "పొగ ఏ రంగురా?"

"పొగే రావట్లేదు బాబాయ్."

"ఆ, మీవీ మా బీఎస్6 బళ్ళ లాంటివే కదా. మసంతా వెనక డబ్బాలో ఆగిపోతుంది. మరి ఆ డబ్బా తగలబెట్టుకోవడం ఈమధ్య ఎక్కువైందా?"

నేను నోరెళ్ళబెట్టాను. ఎందుకంటే అయింది. ఇదివరకు నాలుగొందల మైళ్ళకోసారి జరిగే రీజెన్, అంటే ఫిల్టర్‌లో చేరిన మసిని బండే కాల్చుకోవడం, ఇప్పుడు నూట యాభైకే జరుగుతోంది. షాపువాళ్ళు డీపీఎఫ్ పోయిందేమో అన్నది కూడా అందుకే. బాబాయ్ తిరగేసి చెప్పాడు: "డబ్బా పాడై బండి లాగకపోవడం కాదురా. ఇంజిన్‌కి గాలి చాలక మసి ఎక్కువొస్తోంది, ఆ మసితో డబ్బా నిండుతోంది. పాత బండయితే నల్లపొగ కక్కి నీకు ఎప్పుడో చెప్పేసేది."

ఈ ఒక్క ముక్క చాలామందికి తెలియదు. అమెరికాలో 2007 నిబంధనల తర్వాత వచ్చిన డీజిల్ పికప్‌లకి వెనక ఫిల్టర్ ఉంటుంది కాబట్టి నల్లపొగ అనే పాత గుర్తు మనకి కనబడదు. దాని బదులు రీజెన్ల లెక్క చూసుకోవాలి. నాకైతే ఏ స్కానర్ కంటే అదే మంచి సాక్షి.

బాబాయ్ అంతటితో వదల్లేదు. "ట్రైలర్ విప్పావా? విప్పకు. మళ్ళీ ఆ ఎత్తు ఎక్కు. అద్దాలు దించు. పక్కన కొండ గోడలా ఉన్న చోట అమ్మాయిని ఫోన్ బయటకి పట్టుకోమను, నేను వింటాను." ఆరుబయట శబ్దం గాలికి పోతుంది, పక్కన గోడ ఉంటే తగిలి వెనక్కొస్తుంది. పిల్లల్ని ఆర్వీ పార్కులో పక్క క్యాంపర్ పెద్దావిడకి అప్పగించి, మళ్ళీ ఎక్కాం. కొండ కోసిన చోట మా ఆవిడ చెయ్యి బయటపెట్టింది. స్పీడు పడిపోతుండగా నాకూ వినబడింది: టర్బో ఈలతో పాటు సన్నగా "స్స్స్" మని ఇంకో శబ్దం. ఎక్సలరేటర్ వదిలితే ఆగుతోంది, తొక్కితే వస్తోంది.

"పంచరు," అన్నాడు బాబాయ్. "టైరుకి కాదు, గొట్టానికి. పొద్దున లేచి గాలి కొట్టి చూసుకో." ఫోన్ పెట్టేశాడు.

టర్బో నొక్కిన గాలి ఇంటర్‌కూలర్‌లోకి వెళ్ళి చల్లబడి ఇంజిన్‌లోకి వస్తుంది. మధ్యలో పైపుల్ని కలిపేవి రబ్బరు, సిలికాన్ గొట్టాలు. ఖాళీగా చదును రోడ్డు మీద పోతే ఒత్తిడి అయిదారు పీఎస్ఐ దాటదు, చిన్న చీలిక ఉన్నా మూసుకునే ఉంటుంది. లోడుతో ఎత్తు ఎక్కితే ఇరవై దాటుతుంది, అప్పుడు చీలిక నోరు తెరుస్తుంది. గాలి తక్కువొస్తోందని కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. లోటు మరీ ఎక్కువై కాసేపు అలాగే ఉంటే తప్ప, టర్బో గాలి చాలట్లేదని చెప్పే పి0299 కోడ్ రాదు. బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపే బ్లూటూత్ ముక్క ఒకటి నా దగ్గర ఉంది, అందులో చూస్తే, ఇదివరకు 25 పీఎస్ఐ దాకా వెళ్ళే బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) ఆ కనుమ మీద 13 దగ్గర ఆగిపోయింది. (కొన్ని ఫోన్ యాప్‌లు బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి చూపిస్తాయి. సముద్రమట్టంలో అది 14.7, రాటన్ ఊళ్ళో పదకొండున్నర. అది తీసేయకపోతే బూస్ట్ బాగానే ఉందనుకుంటారు. నేను అలాగే అనుకున్నాను.)

పొద్దున్నే హార్డ్‌వేర్ షాపులో ప్లంబింగ్ సామాను కొన్నాను: ఒక పీవీసీ మూత, దానికి సరిపోయే రబ్బరు కప్లర్. మూతకి చిల్లుపెట్టి టైరు వాల్వు బిగించాను. చల్లారిన ఇంజిన్ మీద, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు విప్పి ఆ మూత తొడిగాను. రాత్రి పిల్లల్ని చూసుకున్న పెద్దావిడ భర్త రిటైరైన రైతు, ఆయన దగ్గర చిన్న కంప్రెసర్ ఉంది. పదిహేను పీఎస్ఐ కంటే ఎక్కువ ఎక్కించలేదు. ఇంజిన్ ఆపి ఉండగానే చూడాలి, మూతకి ఎదురుగా ముఖం పెట్టకూడదు, ఊడితే తుపాకీ గుండులా వస్తుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు స్ప్రే చేసుకుంటూ పోతుంటే, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి వచ్చే గొట్టం అడుగున, క్లాంపు పక్కనే, కుతకుతమని బుడగలు. మా ఊళ్ళో పంచర్ షాపువాడు ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచినట్టే. అంగుళం పొడవు చీలిక. ఆ చోట జిడ్డుగా నల్లటి మరక కూడా ఉంది. ఆ పైపుల్లో ఎప్పుడూ కాస్త ఆయిల్ ఆవిరి ఉంటుంది, లీకైన చోట దుమ్ముతో కలిసి అతుక్కుంటుంది. అంటే షాపులో ఎవరైనా ఒక్కసారి కింద వంగి టార్చి వేసి ఉంటే ఆ మరకే చెప్పేది. వంగడానికి లేబర్ చార్జీ లేదేమో.

గొట్టం రాటన్‌లో దొరకలేదు. క్యాంపర్ అక్కడే వదిలి ఖాళీ బండితో కనుమకి అవతల ఉన్న ట్రినిడాడ్ వెళ్ళి తెచ్చాను. 70 డాలర్లు కూడా కాలేదు. అదే కనుమని ఖాళీ బండి, చిరిగిన గొట్టంతోనే, ఏమీ పట్టనట్టు ఎక్కేసింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: లాగట్లేదన్న ఫిర్యాదుకి ట్రైలర్ లేకుండా టెస్ట్ డ్రైవ్ చేసే షాపుకి ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. పదిలో ఏడు కేసులు గాలి లీకులే అని నా నమ్మకం. లెక్కలు అడగకండి.

కొత్త గొట్టం వేశాక మధ్యాహ్నం కనుమ 58లో ఎక్కాం. రీజెన్ మళ్ళీ నాలుగొందల మైళ్ళకి వెళ్ళింది. మార్చాలన్న డీపీఎఫ్ ఇంకా అదే నడుస్తోంది. దాన్నే పీకి పారేసి "డిలీట్" చేయించుకోమని సలహా ఇచ్చే మహానుభావులు మన వాళ్ళలోనూ ఉన్నారు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, పైగా జబ్బు గొట్టంలో ఉంటే డబ్బా కోయించుకుని లాభమేంటి?

మీ బండిలో బూస్ట్ పూర్తిగా వస్తూ కూడా లాగకపోతే నా కథ మీకు పనికిరాదు. అప్పుడు డీజిల్ వైపు వెళ్ళండి. ఎత్తు ఎక్కుతుండగా ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందే ఒత్తిడి) కంప్యూటర్ అడిగింది ఎంత, వచ్చింది ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అడిగింది రాకపోతే ఫిల్టర్, తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ తోసే పంపు, ఇంజెక్టర్ల మాట ఆఖర్న. ఎయిర్ ఫిల్టర్ మాత్రం ఇవాళే తీసి చూడండి, అది పైసా ఖర్చు లేని పని. మీ రీజెన్లు ఎన్ని మైళ్ళకి జరుగుతున్నాయో, ట్రైలర్‌తో బూస్ట్ ఎంత వస్తోందో రెండూ రాయండి. బాబాయ్‌ని అడిగి చెబుతాను, ఆయన టీ టైముకి.