లోరెన్ నటించిందా, నటించారా?

ప్రశ్న: ఇటలీ నటి సోఫియా లోరెన్ జీవితం మీద మా కాలనీ పత్రికకి వ్యాసం రాశాను. ఇద్దరు పెద్దలు చదివి అభ్యంతరాలు చెప్పారు. ఒకరు 'సోఫియా లారెన్' అని రాయాలన్నారు. తెలుగు మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష కాబట్టి 'లోరెను' అంటే ఇంకా బాగుంటుందని కూడా అన్నారు. రెండోవారు 'నటించింది, గెలిచింది' అంటే అంత పెద్ద నటిని కించపరచడమే అన్నారు. ఏది ఒప్పు? ప్రెస్‌కి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: టెన్షన్ అక్కర్లేదు. మీరు రాసిన 'లోరెన్' సరైనదే. 'నటించింది' కూడా తప్పు కాదు. అయితే వ్యాసంలో ఒకచోట నాకు అభ్యంతరం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు పేరు. 1934 సెప్టెంబర్ 20న రోమ్‌లో పుట్టినప్పుడు ఆ పిల్ల సోఫియా విల్లానీ షికొలోనె. విల్లానీ తల్లి ఇంటిపేరు, షికొలోనె తండ్రిది. తండ్రి తల్లిని పెళ్ళాడలేదు. పిల్ల నేపుల్స్ పక్కన పొత్సువోలి అనే ఊళ్ళో అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. ఆ ఊరి పేరులో నేను 'త్స' అని రాసిన చోట వినిపించేది మన 'చలి', 'చుక్క'ల్లోని దంత్య చకారమే. ఒకప్పుడు దానికి ౘ అని వేరే అక్షరం వాడేవాళ్ళు. ఇప్పుడు వాడుకలో లేదు కాబట్టి త్స అని రాయాల్సి వస్తోంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మన నోట్లో పుట్టినప్పటినుంచీ ఉన్న ధ్వనికి మన పుస్తకాల్లో అక్షరం లేకుండా పోయింది.

1950లో అందాల పోటీలో పాల్గొన్నాక, ఫోటోలతో కథలు చెప్పే పత్రికల్లో ఆమె సోఫియా లాజ్జరో అనే పేరుతో కనిపించింది. ఈమె అందం చూస్తే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడని ఆ పేరు పెట్టారంటారు. యేసు సమాధిలోంచి లేపిన మనిషి పేరది. ఇటాలియన్‌లో పలికేటప్పుడు ఇందులోని జకారం 'జొన్న', 'జల్లెడ'ల్లోని దంత్య జకారానికి దగ్గరగా ఉంటుంది. తెలుగు బైబిల్‌లో ఆ మనిషి లాజరు. అందులో పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి: పౌలు, దావీదు, రూతు, ఎస్తేరు. హల్లుతో ముగిసే పేర్లకు అనువాదకులు ఉకారం చేర్చి తెలుగు చేశారు. మీ పెద్దాయన 'లోరెను' అన్నది ఈ పద్ధతి ప్రకారమే. ఆయన మాటకు ఆధారం లేకపోలేదు.

అయినా నేను 'లోరెను'కు ఒప్పుకోను. కారణం ఆ పేరు పుట్టిన తీరులోనే ఉంది. 1950ల తొలినాళ్ళలో గొఫ్రేదో లొంబార్దో అనే నిర్మాత ఆమెకు కొత్త పేరు పెట్టాడు. స్వీడన్ నటి మార్తా టోరెన్ పేరులో మొదటి అక్షరం మార్చి లోరెన్ చేశాడు. ఇటాలియన్‌లో మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. తెలుగును 'తూర్పు దేశపు ఇటాలియన్' అన్నది అందుకే. విల్లానీ, షికొలోనె, లాజ్జరో, మూడూ అజంతాలే. లోరెన్ ఒక్కటే హల్లుతో ఆగుతుంది. విదేశీ పేరులా వినపడాలనే అలా పెట్టారు. వాళ్ళు కావాలని వదిలేసిన అచ్చును మనం మళ్ళీ అతికిస్తే పేరు వెనక కథ పోతుంది. పైగా మన ఇళ్ళలోనే కిరణ్‌లు, ప్రవీణ్‌లు ఉన్నారు. 'కిరణు' అని ఇప్పుడు ఎవరూ రాయడం లేదు. కారుకీ బస్సుకీ ఉకారం ఉండనివ్వండి. మనుషుల పేర్లను వాళ్ళు పలికినట్టే రాద్దాం.

'లారెన్' మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు. ఇటాలియన్‌లో ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది, లో దీర్ఘం. అమెరికావాళ్ళు రెండో అక్షరాన్ని ఒత్తి మొదటిదాన్ని తేల్చేస్తారు, అక్కడా 'లా' లేదు. ఇంకొక చిన్న సవరణ. మీరు దర్శకుడి పేరు 'డి సికా' అని, నటుడి పేరు 'మాస్ట్రోయాని' అని రాశారు. ఇంగ్లిష్ మీదుగా రావడంవల్ల ఆ ట, డలు వచ్చాయి. ఇటాలియన్‌లో అవి మన త, దలే. ద్విత్వం కూడా మనలాగే స్పష్టంగా పలుకుతారు. దె సీకా, మాస్త్రోయాన్ని అనండి. రోమ్, నేపుల్స్ లాంటి అలవాటైన ఊరి పేర్లను కదపనక్కర్లేదు.

ఇక రెండో సందేహం. తెలుగులో ఏకవచనంలో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది', అన్నిటికీ ఒకే క్రియ. వ్యాకరణంలో మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తులు, మిగిలినవి అమహత్తులు. తమిళంలో స్త్రీకి 'వందాళ్' అని, కన్నడంలో 'బందళు' అని వేరే రూపం ఉంది. మనకు లేదు. కానీ బహువచనం చూడండి: రెండు ఆవులు వచ్చాయి, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అక్కడ స్త్రీ మనుషుల వరసలోకి వచ్చేస్తుంది. కాబట్టి 'వచ్చింది' అన్నది భాష నిర్మాణమే తప్ప తిట్టు కాదు. 'అమ్మ వచ్చింది' అన్నప్పుడు మనం అమ్మను తక్కువ చేయడం లేదు. కోస్తా జిల్లాల్లో 'ఆవిడ చెప్పింది' అంటారు. గౌరవమంతా 'ఆవిడ'లో ఉంది, క్రియలో కాదు. అవమానం 'అది చెప్పింది' అన్నప్పుడు వస్తుంది.

ఆమెకు ఆస్కార్ తెచ్చిన సినిమా పేరే ఇక్కడ పనికొస్తుంది. 1960 నాటి ఆ సినిమాను ఇంగ్లిష్ పేరును బట్టి మీరు 'ఇద్దరు స్త్రీలు' అన్నారు. ఇటాలియన్‌లో దాని పేరు 'లా చొచారా', అంటే చొచారియా ప్రాంతపు ఆడమనిషి. మనం 'నెల్లూరావిడ' అంటామే, సరిగ్గా అలాంటి మాట. యుద్ధంలో బాంబులకు భయపడి కూతుర్ని తీసుకుని రోమ్ వదిలి సొంత ప్రాంతానికి పోయే తల్లి కథ. మొదట తల్లి వేషం ఆన్నా మాన్యానికి, కూతురి వేషం లోరెన్‌కు అనుకున్నారు. మాన్యాని ఒప్పుకోకపోవడంతో పాతికేళ్ళు దాటీ దాటని లోరెన్ తల్లి అయింది. పొత్సువోలిలో బాంబులు పడుతుంటే రైలు సొరంగంలో రాత్రులు గడిపిన పిల్ల ఆమె. ఆ భయాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. 1962లో ఆస్కార్ ప్రకటించినప్పుడు, తట్టుకోలేక పడిపోతానేమోనని ఆమె వేడుకకు వెళ్ళలేదు. ఇంగ్లిష్ కాని భాషలో నటించి ఉత్తమ నటుడిగా గానీ నటిగా గానీ ఆస్కార్ గెలిచినవాళ్ళలో మొదటి వ్యక్తి ఆమే. 'గెలిచింది' అని రాసినా ఆ గెలుపు తగ్గదు.

మరి నా అభ్యంతరం ఎక్కడంటే, మీ మూడో పేరాలో: '1977లో వచ్చిన సినిమాలో మాస్ట్రోయాని అద్భుతంగా నటించారు, లోరెన్ కూడా బాగా నటించింది.' ఒకే వాక్యంలో ఆయనకు 'రు', ఆమెకు 'ది'. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, పత్రికల్లో రోజూ కనిపిస్తుంది, కనిపించిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన 'నటించాడు' అయితే ఆమె 'నటించింది'. ఆయన 'నటించారు' అయితే ఆమె కూడా 'నటించారు'. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబడండి. చిన్నతనం చెప్పేటప్పుడు మాత్రం సడలింపు ఉంది. పుడకలా ఉండేదని ఏడిపించిన ఆ బక్క పిల్లను 'పెరిగింది, ఆడుకుంది' అనడమే సహజం.

'నటీమణి' తీసేయండి, 'నటి' చాలు. చివరి వాక్యాన్ని ఇలా మార్చండి: '2020లో వచ్చిన సినిమాలో, కొడుకు ఎదొవార్దో పొంతి దర్శకత్వంలో, నాజీల శిబిరం నుంచి బతికి బయటపడ్డ ముసలావిడగా సోఫియా లోరెన్ నటించారు.'