ఆగస్టులో స్కీయింగ్‌కి వెళ్తున్నాం.. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 39 ఏళ్లు. జర్మనీలోని మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆగస్టులో నలుగురు స్నేహితులం కుటుంబాలతో కలిసి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కి వెళ్తున్నాం. అక్కడ వేసవిలోనూ గ్లేసియర్ (ఏడాదంతా ఉండే మంచు మేట) మీద స్కీయింగ్ ఉంటుంది. గత రెండు చలికాలాల్లో కొంత నేర్చుకున్నాను. తేలికపాటి వాలు మీద భయం లేకుండా జారగలను. మూడేళ్లుగా బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. బీపీ 130/84 దగ్గర ఉంటోంది. స్కీయింగ్ చేయొచ్చా? అంత చలి గుండెకు మంచిది కాదని మా ఆవిడ టెన్షన్ పడుతోంది. స్నేహితులేమో ఎత్తువల్ల ఇబ్బంది రాకుండా అందరం డయామాక్స్ మాత్ర వేసుకుందామంటున్నారు. ఇంకో సంగతి. విజయవాడ నుంచి వచ్చిన మా నాన్నగారు (67) మా దగ్గరే ఉన్నారు. రెండేళ్ల క్రితం ఆయనకు స్టెంట్ వేశారు. స్కీయింగ్ చేయరు గానీ, కేబుల్ కార్‌లో పైదాకా వచ్చి మంచు చూస్తానంటున్నారు. తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: మీరు వెళ్లొచ్చు. బీపీ అదుపులోనే ఉంది, వయసు తక్కువ, జారడం కాస్త వచ్చు. మీ ఆవిడ భయపడుతున్న చలి గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆగస్టులో ఎండ కాసే రోజు అక్కడ పైన ఉష్ణోగ్రత సున్నాకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. జీన్స్, కాటన్ బనియన్ మానేసి, తడిసినా త్వరగా ఆరే బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుని, పైన గాలి చొరని జాకెట్ తొడిగితే సరిపోతుంది. మీరు అడగని విషయాలు కొన్ని ఉన్నాయి. నా ఆలోచన వాటి మీదే.

మొదట ఎత్తు సంగతి. జెర్మాట్ ఊరు దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు కాబట్టి, మన ఎత్తైన శిఖరాలు ఎక్కడ ఆగుతాయో మీ ప్రయాణం అక్కడ మొదలవుతుందన్నమాట. అక్కడి నుంచి కేబుల్ కార్లు మిమ్మల్ని గంట లోపే 3,883 మీటర్లకు చేరుస్తాయి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కార్) ఎక్కి రెండో దశ దాకా వెళ్లినవాళ్లకు ఈ ఎత్తు పరిచయమే. పైన ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్, సముద్రమట్టంలో అందేదానిలో 60 నుంచి 65 శాతమే. దిగగానే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. గుండె దడదడమంటుంది. ఇది జబ్బు కాదు, శరీరం సర్దుకుంటున్న తీరు. మొదటి అరగంట తాపీగా నడవండి.

ఎత్తువల్ల వచ్చే అసలు ఇబ్బంది, అంటే తలనొప్పి, వికారం, తల తిరగడం, నిస్త్రాణ, సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటలకు మొదలవుతాయి. పైనే రాత్రి పడుకుంటే ముదురుతాయి. మీరు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి దిగిపోతారు, రాత్రి ఊళ్లోనే నిద్ర. అందుకే మీలాంటి ప్రయాణానికి డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్, మామూలుగా అవసరం రాదు. 2,800 మీటర్లకు పైన రాత్రులు గడపాల్సి వస్తే అప్పుడు దాని గురించి ఆలోచిస్తాం. పైగా మీ బీపీ మాత్రలో ఇప్పటికే మూత్రం ఎక్కువగా పోయించే మందు (హైడ్రోక్లోరోథయాజైడ్) ఉంది. దానికి ఇదీ తోడైతే ఒంట్లో నీరు, పొటాషియం రెండూ తగ్గుతాయి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. వాట్సాప్ గ్రూప్‌లో ఒకరు వేసుకున్నారని అందరూ వేసుకునే మందు కాదిది.

వీలైతే ముందురోజు సాయంత్రానికే జెర్మాట్ చేరుకుని రాత్రి అక్కడే పడుకోండి. ఊళ్లోకి కార్లు రానివ్వరు. తేష్ అనే ఊళ్లో కారు పెట్టి రైలెక్కాలి. మ్యూనిక్‌లో తెల్లవారుజామున బయల్దేరి అదే రోజు పైకెక్కేద్దామనుకుంటే అలసట, నిద్రలేమి, ఎత్తు మూడూ ఒకేసారి మీద పడతాయి. ఆ రాత్రి బీర్లు తగ్గించండి. నిద్ర పట్టడానికని అల్ప్రాజోలమ్ లాంటివి వేసుకోవద్దు, పలచటి గాలిలో అవి శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గుతో నురగ పడినా, మాట తడబడినా, గీత మీద నడవమంటే తూలినా ఇంకేమీ ఆలోచించకుండా ఆ మనిషిని కిందికి దించేయాలి. అక్కడ ఒక్క కేబుల్ కార్‌తోనే దాదాపు వెయ్యి మీటర్లు కిందికి దిగిపోవచ్చు. అదొక అదృష్టం.

ఇక మీ మాత్ర. మానేయొద్దు, ప్రయాణం పేరుతో డోసూ మార్చొద్దు. ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కాస్త పెరగడం మామూలే. వెళ్లే ముందు ఒక వారం ఇంట్లో రోజూ చూసుకోండి, 140/90 లోపు ఉంటే చాలు. కానీ ఆ మాత్రతో మంచు మీద రెండు చిక్కులున్నాయి. హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవాళ్లలో కొందరి చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది, దద్దుర్లు లేస్తాయి. ఇది ఒకటి. రెండోది నన్ను ఎక్కువ కలవరపెట్టేది. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అందులో డోలో పక్కనే కాంబిఫ్లామ్ కూడా ఉంటుంది. మొదటిరోజు జారి పడి మోకాలో నడుమో నొప్పి పెడితే చెయ్యి దానిమీదికే పోతుంది. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ ఉంది. టెల్మిసార్టన్, మూత్రం పోయించే మందు, ఐబుప్రోఫెన్.. ఈ మూడూ కలిసి, పైగా నీళ్లు సరిగా తాగని రోజైతే, కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గి అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్ మాత్ర అయినా ఇంతే. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే వేసుకోండి, రోజుకి 3 గ్రాములు దాటకుండా. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్లు చాలడం లేదని అర్థం. చల్లటి పొడి గాలిలో దాహం తెలియదు, అడక్కుండానే గుటకలు వేస్తుండాలి.

ఎండ సంగతి మనవాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం. ‘మే నెల విజయవాడ ఎండ చూసినవాళ్లం, ఈ ఎండ ఒక లెక్కా’ అంటారు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆ కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అంటే ఎండ కింది నుంచి కూడా తగులుతుంది. గడ్డం కింద, చెవుల వెనుక, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా కందిపోవడం అందుకే. ఎస్‌పీఎఫ్ 50 క్రీమ్ బయల్దేరే ముందు ధారాళంగా, తర్వాత రెండు గంటలకోసారి రాయండి. పెదవులకు ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వాడండి. నల్లటి ఒంటికి ఇవన్నీ ఎందుకని మీ స్నేహితుల్లో ఎవరైనా అంటే, మీ మాత్ర సంగతి చెప్పి మీరు మాత్రం రాసుకోండి.

చర్మంలో రంగు కాస్తయినా కాపాడుతుంది, కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు ఆ రక్షణా లేదు. గాగుల్స్‌కి ఆవిరి పట్టిందని హెల్మెట్ మీదికి జరిపి, లిఫ్ట్ పట్టుకుని గంటసేపు పైకీ కిందికీ తిరిగారనుకోండి. అప్పుడేమీ తెలియదు. సాయంత్రం హోటల్‌కి వచ్చాక, భోజనాల వేళకో నిద్రపోయే వేళకో, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ధారగా నీళ్లు కారతాయి. లైటు చూడలేరు, రెప్ప తెరవలేరు. దీన్ని మంచు గుడ్డితనం అంటాం. పేరు విని హడలిపోతారు గానీ చూపు పోదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో మానుతుంది. గది చీకటి చేసి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, కళ్ల మీద చల్లటి తడిగుడ్డ వేసుకుని, పారాసిటమాల్ మింగి పడుకోండి. కళ్లు నలపకూడదు. పాత సీసాలోని స్టెరాయిడ్ చుక్కలు వేయకూడదు. మర్నాటికీ తగ్గకపోతే కంటి డాక్టర్‌కి చూపించండి. అక్కడిదాకా రాకుండా ఉండాలంటే పక్కలు మూసి ఉండే, కేటగిరీ (వెలుతురును ఎంత అడ్డుకుంటాయో చెప్పే అంకె) 3 లేదా 4 గాగుల్స్ పెట్టుకోండి. మబ్బు పట్టినా తీయొద్దు. కుటుంబాలతో వెళ్తున్నామన్నారు కాబట్టి, పిల్లలుంటే వాళ్ల కళ్లజోళ్లు ముందు చూడండి, బొమ్మల షాపులో కొన్నవి పనికిరావు.

మోకాళ్ల దగ్గరికి వద్దాం. వేసవి మంచు చలికాలం మంచులా ఉండదు. రాత్రి గడ్డకట్టినది కాబట్టి తెల్లవారుజామున గాజులా గట్టిగా ఉంటుంది. తొమ్మిది, పది గంటల మధ్య హాయిగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ బరువైన తడి ముద్దగా మారుతుంది. ఆ ముద్దలో స్కీ కూరుకుపోయి ఆగుతుంది, ఒళ్లు ముందుకు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. స్కీయింగ్ గాయాల్లో మోకాలివే ఎక్కువ. అవీ చాలామటుకు అలసిపోయాక ‘ఇంకొక్కసారి’ అని వెళ్లినప్పుడు తగులుతాయి. నలుగురు స్నేహితులున్న చోట ఆ మాట ఎవరో ఒకరు అనకమానరు. మీ తొడలు వణుకుతున్నాయంటే ఆ రోజుకి అయిపోయినట్టే. వెనక్కి పడుతున్నప్పుడు లేచి నిలబడాలని పెనుగులాడొద్దు, పడిపోండి. స్కీ కర్రల పట్టీల్లో చేతులు దూర్చకుండా పట్టుకుంటే చేతి బొటనవేలి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే కట్టు) బతికిపోతుంది. అద్దె షాపులో బరువు, ఎత్తు, వయసు, మీకెంత వచ్చో నిజం చెప్పండి. పడగానే బూటు స్కీ నుంచి విడిపోవాలంటే బైండింగ్‌ని (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును) ఆ లెక్కలతోనే బిగిస్తారు. నాలుగు కిలోలు తగ్గించి చెప్పినా ‘బాగా వచ్చు’ అని గొప్పకు పోయినా ఆ బిగింపు తప్పుతుంది. మోకాల్లో ‘టప్’ మని చప్పుడై, రెండు మూడు గంటల్లోనే వాచిందంటే లోపల లిగమెంట్ తెగి రక్తం చేరిందేమోనని అనుమానించాలి. దాని మీద మళ్లీ జారకుండా, ఐస్ పెట్టి, డాక్టర్‌కి చూపించండి. ఇంకా సమయం ఉంది కాబట్టి ఇప్పటి నుంచే వారానికి నాలుగు రోజులు స్క్వాట్స్, గోడకి ఆనుకుని కుర్చీలా కూర్చోవడం మొదలుపెట్టండి. మీ బృందంలో బొత్తిగా స్కీయింగ్ రానివాళ్లుంటే, మొదటి పాఠాలు 3,000 మీటర్ల పైన వద్దంటాను. చలికాలంలో కింద నేర్చుకోమనండి. గీతలు దాటి మార్గం బయటికి మాత్రం ఎవరూ వెళ్లకండి, గ్లేసియర్‌లో మంచు కప్పిన పగుళ్లుంటాయి.

మీ నాన్నగారి విషయం. స్టెంట్ ఉందన్న ఒక్క కారణంతో ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. ఆగకుండా రెండు అంతస్తులు ఎక్కితే ఛాతీనొప్పి, విపరీతమైన ఆయాసం రావడం లేదా? ఈ మధ్య మందులేవీ మార్చలేదా? గుండె పంపింగ్ బాగానే ఉందని రిపోర్టులో ఉందా? ఇవన్నీ సరిగ్గా ఉంటే, విజయవాడలోని ఆయన కార్డియాలజిస్ట్‌తో ఫోన్‌లో ఒక మాట మాట్లాడి తీసుకెళ్లొచ్చు. నాకైతే నేరుగా 3,883కి కాకుండా, మొదటిరోజు పళ్లున్న చక్రంతో కొండ ఎక్కే రైల్లో గోర్నర్‌గ్రాట్‌ అనే చోటికి తీసుకెళ్లడం నచ్చుతుంది. అది 3,089 మీటర్లు, మ్యాటర్‌హార్న్ శిఖరం ఎదురుగా కనిపిస్తుంది. అక్కడ బాగుంటే మర్నాడు పైకి తీసుకెళ్లి, గంట లోపు కిందికి తీసుకొచ్చేయండి. కడుపునిండా తిన్న వెంటనే ఎక్కించొద్దు. ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అందరూ స్కీయింగ్‌కి పోకండి, ఒకరు పక్కనే ఉండాలి. మందులు, నాలుక కింద పెట్టుకునే మాత్ర లోపలి జేబులో ఉంచండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతూ ఉంటారు కాబట్టి మంచు మీద జారి తలకు దెబ్బ తగిలితే, బయటికి ఏమీ లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి స్కాన్ చేయించాలి. అరికాలు జారని బూట్లు ఆయనకు తప్పనిసరి.

టికెట్లు కొనేముందు స్కీయింగ్ మార్గాలు తెరిచి ఉన్నాయో చూసుకోండి. 2022 జులై చివర్లో వేడికి మంచు కరిగిపోయి అక్కడ వేసవి స్కీయింగ్‌ని కొన్నాళ్లు ఆపేశారు. స్విట్జర్లాండ్‌లో అంబులెన్స్ నంబర్ 144, లేదంటే 112కి చేయండి. కొండ మీద నుంచి దించడానికి హెలికాప్టర్ వస్తే బిల్లు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది. మీ ఇన్సూరెన్స్‌లో అది ఉందో లేదో చూడండి. నాన్నగారిది ఇండియాలో తీసుకున్న ట్రావెల్ పాలసీ అయితే, పాత గుండె జబ్బుకు వర్తిస్తుందా, ఎత్తుకు ఏదైనా పరిమితి పెట్టారా అని కంపెనీని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.