పాప ఉంగా అంటే నువ్వు ఊఁ కొట్టు

చిన్నా,

మొన్న వీడియో కాల్‌లో చూశాను. పాపను ఒళ్లో వేసుకుని గుడిలో విగ్రహంలా కూర్చున్నావు. పైగా "నాలుగు నెలల పిల్లతో ఏం మాట్లాడతానత్తా, దానికేం అర్థమవుతుంది?" అన్నావు. తల్లి గొంతు కడుపులో ఉన్నప్పటి నుంచే విందిరా అది. నీ గొంతే ఇంకా అలవాటవ్వాలి.

ఏం మాట్లాడాలా అని టెన్షన్ పడకు. చేస్తున్న పనే చెప్పు. లాల పోసేటప్పుడు "ఈ చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యేదీ?" అను. గొంతు దానంతటదే సన్నబడి సాగుతుంది, సిగ్గుపడకు. ఆ సాగదీతంటే పిల్లలకు భలే ఇష్టం. ముద్దుమాటలు నేర్పితే అసలు మాటలు రావని ఎవరో అన్నారట! పెద్దయ్యాక కూడా స్నానాన్ని లాల అనేవాణ్ణి నేనైతే చూడలేదు.

మీ మగాళ్లతో చిక్కేంటంటే, అడిగిందానికి జవాబు వచ్చేలోపే ఇంకో మాట అందుకుంటారు. "ఆకలేస్తోందా అమ్మలూ?" అని అడిగి ఆగు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు. ముందు నీ నోటికేసి చూస్తుంది. కాళ్లు టపటపా కొడుతుంది. పెదాలు సున్నాలా చుట్టి "ఉంగా" అంటుంది. అప్పుడు "ఊఁ... తర్వాత?" అను. మనం కథ చెబితే పిల్లలు ఊఁ కొడతారు కదా, ఇప్పుడు కథ దానిది. మొహం పక్కకి తిప్పేసుకుంటే మాత్రం ఇక చాలని అర్థం, వదిలెయ్యి.

మీ బావ పసివాడప్పుడు నేనూ తప్పు చేశాను. ఉయ్యాల పక్కన రేడియో పెట్టేసి వంటింట్లోకి పోయేదాన్ని, మాటలు చెవిన పడతాయిలే అని. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరీక్ష గురించి ఆ తర్వాతెప్పుడో చదివాను. ఎదురుగా కూర్చుని మనిషి చైనా భాష మాట్లాడితే తొమ్మిది నెలల అమెరికా పిల్లలు అందులోని ధ్వనులు పట్టుకున్నారట. అవే మాటలు టీవీలో వినిపిస్తే పట్టుకోలేదట. అందుకే ఆ ఫోన్ రైమ్స్ కట్టెయ్యి.

కోడలు కన్నడంలో మాట్లాడుకోనీ, నువ్వు తెలుగులోనే మాట్లాడు. ఇంగ్లీషు సంగతి బడి చూసుకుంటుంది.

పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఆరు నెలలు దాటాక గొంతు వినపడిన వైపు తిరగకపోయినా "అదే వస్తుందిలే" అనుకోవద్దు, డాక్టరు దగ్గర చెవులు పరీక్ష చేయించండి.

ఆదివారం కాల్ చెయ్యి. ఫోను పాప వైపు తిప్పేసి నువ్వు తప్పించుకోకు, ఇద్దరూ కనపడాలి.

మీ అత్త