ఇంట్లో ఒప్పుకోకపోతే ప్రేమను వదులుకోవాల్సిందేనా?

బెంగళూరులో ఉద్యోగం, అబ్బాయిది వేరే కులం, ఇంట్లో చెప్పగానే అమ్మ మాట్లాడటం మానేసింది, ఇప్పుడేం చేయాలని అడిగారు. నాదీ ఇదే కథ.

ఇంట్లోవాళ్ల ఒత్తిడి పెళ్లి మాట ఎత్తాక మొదలవుతుందనుకుంటాం గానీ, అది ప్రేమకంటే ముందే మన బుర్రలో తిష్ఠ వేసుకుని ఉంటుంది. మారతహళ్లి పీజీలో నా రూమ్మేట్‌కి ఆఫీసులో ఒకతను నచ్చితే, ఆమె మొట్టమొదట చేసిన పని ఇన్‌స్టాలో అతని ఇంటిపేరు వెతకడం. మనవాళ్లు కాదని తేలింది, అంతే, మర్నాటి నుంచి అతనితో కాఫీకి కూడా వెళ్లలేదు. ఆమెను ఎవరూ ఆపలేదు, అసలు ఊళ్లో అమ్మానాన్నలకు ఆ అబ్బాయి సంగతే తెలీదు!

మాది అనంతపురం వైపు. మా ఇంట్లో ఎవరూ నేరుగా వద్దనలేదు, చిక్కంతా అక్కడే. ముందు "చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగు" అన్నారు. తర్వాత "మీ నాయన నిన్నట్నుంచి అన్నం ముట్టలేదమ్మా" అని చిన్నాయన ఫోన్. టెన్షన్ పడి తమ్ముడికి చేస్తే, నాయన ఉగ్గాని, బజ్జీ తింటూ టీవీ చూస్తున్నాడట. నవ్వొచ్చింది. అలాగని ఆయన బాధంతా నాటకమని అనను, రేపు ఊళ్లో నలుగురి మాటలూ పడాల్సింది ఆయనే కదా. చివరికి మా మేనత్త చెబితేనే విన్నాడు. మీ ఇంట్లోనూ నాన్న మాట కాదనలేని మనిషి ఒకరుంటారు, ముందు వాళ్లను పట్టుకోండి.

చట్టం మీ వైపే ఉంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చాలు. ఇద్దరు మేజర్లు ఇష్టపడ్డాక ఇంట్లోవాళ్ల అనుమతి అక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు కర్ణాటకదే. కాకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు పెళ్లి రిజిస్ట్రేషన్ ఆఫీసులో అంటిస్తారు, మీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకీ ఓ కాపీ వెళ్తుంది. కాబట్టి గుట్టుగా అయిపోతుందనుకోవద్దు. ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టంలో ఈ నోటీసు గొడవ లేదు.

ఈలోగా ఆ అబ్బాయిని "చూద్దాంలే" అంటూ నాన్చకండి, వాళ్లింట్లోనూ సంబంధాలు చూస్తూనే ఉంటారు. ఇక ఊరికెళ్లి మాట్లాడాలనుకుంటే సర్టిఫికెట్లు, ఆధార్ ఒరిజినల్స్ బెంగళూరులోనే పెట్టి వెళ్లండి. గదిలో పెట్టి తాళం వేయడం, కొట్టడం దాకా వస్తే మొహమాటపడకుండా 112కి ఫోన్ చేయండి.